ఉక్కపోత నేలపై ఆఫీసు దుస్తులు

కార్యాలయంలో పురుషులు ధరించే లాంఛనమైన దుస్తుల విషయంలో, అంటే వాడుకలో ఫార్మల్స్ అనే వాటి విషయంలో, తెలుగు సమాజంలో రెండు అపోహలు చాలాకాలంగా పాతుకుపోయి ఉన్నాయి. ఖరీదైన బట్టే మర్యాదైన బట్ట అన్నది మొదటిది కాగా, కోటూ టైయీ లేనిదే ఆ మర్యాద పూర్తి కాదన్నది రెండవది. పేరున్న షోరూములో వేలు పోసి కొన్న చొక్కా అయినా భుజం కుట్టు రెండు వేళ్ల మేర కిందికి జారితే, పేట దర్జీ ఒళ్లు చూసి కుట్టిన మామూలు నూలు చొక్కా పక్కన వెలవెలబోతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో పాలియెస్టర్ కోటు తొడుక్కుని చెమటతో తడిసి ముద్దవుతున్న అధికారి కన్నా, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాను ముదురు బూడిద రంగు ప్యాంటులోకి టక్ చేసుకున్న గుమాస్తా ఎక్కువ హుందాగా కనిపిస్తాడు. లాంఛనం అనే గుణం కొలతలో, బట్ట ఎంపికలో, శుభ్రతలో, రంగుల సంయమనంలో ఉంటుంది. కోటు, టై ఆ గుణానికి ఒకానొక దేశంలో ఒకానొక కాలంలో ఏర్పడిన రూపం మాత్రమే. ఎదుటివారి చూపు దుస్తుల దగ్గరే ఆగిపోకుండా మనిషి మీదికి, అతను వచ్చిన పని మీదికి మళ్లితే ఆ దుస్తులు తమ పని చేసినట్లే.

ఆ రూపం పుట్టింది చలి దేశంలో. 1666 అక్టోబరులో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ తాను ఇకపై వెస్టు, అంటే కోటు లోపల తొడిగే నిలువు అంగీ, ధరించబోతున్నట్లు ప్రకటించిన సంగతిని శామ్యూల్ పీప్స్, జాన్ ఈవ్‌లిన్ తమ దినచర్య పుస్తకాల్లో నమోదు చేశారు. అది పారసీక పద్ధతి అని ఈవ్‌లిన్ గుర్తించాడు కూడా. కోటు, వెస్టు, కాళ్ల తొడుగు అనే మూడు భాగాల సూటుకు అనేకమంది చరిత్రకారులు అక్కడే మొదలు చూస్తారు కాబట్టి, పారసీక, ఐరోపా పద్ధతుల కలయికలో రూపుదిద్దుకున్న షేర్వానీకి సూటు దూరపు చుట్టమే అవుతుంది. దుస్తుల్లో స్వదేశీ, విదేశీ అని గట్టిగా గీత గీసేవారికి ఇది కాస్త ఇబ్బంది కలిగించే చుట్టరికం. అయితే ఆ తరవాత వందేళ్లకు పైగా ఐరోపా పెద్దమనుషులు పట్టు, జరీ, లేసు, రంగుల సింగారాన్ని వదులుకోలేదు. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో లండన్ సమాజాన్ని తన అభిరుచితో శాసించిన బ్యూ బ్రమ్మెల్ (1778–1840) ముదురు రంగు కోటును, గంజి పెట్టిన తెల్లని మెడపట్టీని, రోజూ స్నానాన్ని పెద్దమనిషి లక్షణాలుగా నిలబెట్టాడు. ఆభరణం వల్ల కాక కోత వల్ల, కొలత వల్ల, ఉతుకు వల్ల మనిషి గొప్పగా కనిపించాలన్న ఆలోచన అతని ద్వారానే బలపడింది. పురుషులు సింగారాన్ని వదిలి నిరాడంబరమైన ముదురు దుస్తులకు మళ్లిన ఈ మార్పుకు మనస్తత్వవేత్త జె. సి. ఫ్లూగెల్ 1930లో వెలువడిన తన పుస్తకంలో ‘పురుషుల మహా పరిత్యాగం’ అని పేరుపెట్టాడు. నేటి ఆఫీసుల్లో కనిపించే నీలం, బూడిద, నలుపు రంగుల ఆధిపత్యానికి వేరు ఆ పరిత్యాగంలో ఉంది.

తెలుగు నేల మీద ఈ దుస్తులు ఒక్కసారిగా, మొత్తంగా దిగుమతి కాలేదు. మద్రాసు రాజధాని కింద ఉన్న కోస్తా జిల్లాల్లో 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల గుమాస్తాలు, ప్లీడర్లు, ఉపాధ్యాయులు నడుము కింద పంచెను అలాగే ఉంచుకుని పైన పొడవాటి కోటు తొడిగి, భుజాన ఉత్తరీయం, తలకు పాగా ధరించేవారు. గురజాడ అప్పారావు, కందుకూరి వీరేశలింగం చిత్రాల్లో కోటు, పాగా కలిసే కనిపిస్తాయి. నిజాం రాజ్యంలో ఉద్యోగి మర్యాద షేర్వానీతో ముడిపడి ఉండగా, దర్బారుకు హాజరయ్యేవారు దస్తారు అనే పాగాను, బగ్లూసు అనే నడుముపట్టీని తప్పనిసరిగా ధరించేవారు. 1908 మూసీ వరదల తరవాత హైదరాబాదుకు రక్షణ పథకం రూపొందించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మచ్చలేని సూటు మీద మైసూరు పేటా పెట్టుకునేవారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసి ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవికి వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తెల్లని పాగాను, మెడదాకా గుండీలున్న పొడవాటి కోటునే తన గుర్తుగా చేసుకున్నారు. వీరిలో ఎవరినీ వారి కాలపు కార్యాలయం అమర్యాదగా భావించలేదు. లాంఛనానికి ఒకే అచ్చు ఉంటుందన్న వాదానికి ఈ చరిత్ర ఎక్కడా ఆసరా ఇవ్వదు.

1921లో ఈ లెక్కంతా తలకిందులైంది. ఆ సంవత్సరం సెప్టెంబరు 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టారు. అదే ఏడాది బారిస్టరు టంగుటూరి ప్రకాశం మద్రాసులో లాభసాటి వృత్తిని వదిలేసి ఉద్యమంలోకి వచ్చారు. పరాయి మిల్లుల బట్ట ధరించడమే అమర్యాద అనే కొత్త విలువ అలా ఏర్పడగా, అప్పటివరకు రైతు ఒంటి మీది బట్టగా ఉన్న తెల్లని ఖద్దరు ప్రజా జీవితంలో లాంఛనమైన దుస్తుల స్థాయికి ఎక్కింది. రాజకీయ నాయకుల్లో తెల్ల ఖద్దరు చొక్కా, పంచె నేటికీ సభా మర్యాదగా చెల్లుబాటు కావడం ఆ మార్పు మిగిల్చిన ఫలితమే. స్వాతంత్ర్యం తరవాతి ఉద్యోగ వర్గం మాత్రం మధ్యేమార్గం వెతుక్కుంది: 1970, 1980 దశకాల్లో కార్యాలయాలను ఏలిన సఫారీ సూటు, అంటే ఒకే బట్టతో కుట్టిన ప్యాంటు, దాని మీద టక్ చేయకుండా వదిలేసే జేబుల పొట్టిచేతుల కోటు, ఇప్పుడు పరిహాసానికి గురవుతోంది గాని, ఎండ దేశపు ఉద్యోగి టై లేకుండా, లోపల మరో చొక్కా లేకుండా హుందాగా కనిపించడానికి చేసిన నిజాయితీ గల ప్రయత్నం అది. దాని లోపం ఊహలో లేదు, బట్టలో ఉంది; గాలి చొరని పాలియెస్టర్‌తో కాక పలచని నూలుతోనో నారబట్టతోనో కుట్టి ఉంటే ఆ సూటు గతి మరోలా ఉండేదేమో.

1998 నవంబరులో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరవాత ఐటీ ఉద్యోగాల్లోకి వచ్చిన తరం అమెరికా ఖాతాదారుల అభిరుచిని అనుసరించి కొంతకాలం టై కట్టుకుంది. ఆ అమెరికాలోనే అప్పటికే గాలి మారింది: ముదురు సూటు, తెల్ల చొక్కాకు మారుపేరైన ఐబిఎం 1995లోనే ఆ నియమాన్ని సడలించింది. ఇక్కడ 2015 జూన్‌లో ఇన్ఫోసిస్ వారం పొడవునా బిజినెస్ క్యాజువల్స్‌ను అనుమతించింది. కాలర్, గుండీలు ఉన్న చొక్కాను జీన్స్ కాని ప్యాంటు మీద టై లేకుండా వేసుకోవడాన్ని బిజినెస్ క్యాజువల్ అంటారు. సూటు, టై, తోలు బూట్లతో కూడినది బిజినెస్ ఫార్మల్. కాలరున్న టీషర్టును, ముదురు జీన్స్‌ను కూడా రానిచ్చేది స్మార్ట్ క్యాజువల్. ఈ మూడింటి మధ్య గీతలు సంస్థను బట్టి జరుగుతుంటాయి కాబట్టి కొత్తగా చేరే ఉద్యోగి నియామక పత్రంలోని మాటను చదివి ఊరుకోకుండా, ఆ ఆఫీసులో తన పై అధికారి మామూలు రోజున ఏం వేసుకొస్తున్నాడో గమనించడం మేలు. సందేహం ఉన్నచోట ఒక మెట్టు పైనుంచి మొదలుపెట్టి కిందికి దిగడం సులువు. కిందినుంచి పైకి ఎక్కడం అంత సులువు కాదు, తొలిరోజు టీషర్టులో వచ్చినవాడన్న గుర్తు కొన్నాళ్లపాటు వెంటాడుతుంది.

నియమం కాగితం మీద రాసి ఉన్న వృత్తుల్లో న్యాయవాద వృత్తి ముఖ్యమైనది. అడ్వకేట్స్ చట్టం, 1961 కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నిబంధనలు పురుష న్యాయవాదులకు మెడదాకా గుండీలున్న నల్ల కోటు, చప్కన్, అచ్కన్, నల్ల షేర్వానీ వంటి వాటిని ఒక మార్గంగానూ, ముందు తెరిచి ఉండే నల్ల కోటు, తెల్ల చొక్కా, తెల్ల కాలర్‌ను రెండో మార్గంగానూ చూపుతాయి. రెండింటికీ మెడకింద వేలాడే జంట తెల్లపట్టీలు, పైన గౌను తోడవుతాయి. కిందికి ప్యాంటు వేసుకోవచ్చు, పంచె కట్టుకోవచ్చు, జీన్స్ మాత్రం నిషిద్ధం. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగిలిన కోర్టుల్లో వేసవి కాలంలో నల్ల కోటు తప్పనిసరి కాదు. కోర్టుకు వచ్చే న్యాయవాదులను చూసి కోటును వృత్తికి సహజ భాగంగా భావించే చాలామందికి ఈ నిబంధనల్లో షేర్వానీకి, పంచెకు కూడా చోటున్న సంగతి తెలియదు.

పొరుగున తమిళనాడులో ఈ వాదం చట్టం వరకూ వెళ్లింది. 2014 జులైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరిని వేష్టి, అంటే పంచె, కట్టుకున్నందుకు చెన్నైలోని ఒక క్రికెట్ క్లబ్బులోకి రానివ్వకపోవడంతో పెద్ద దుమారం రేగి, మరుసటి నెలలోనే ఆ రాష్ట్ర శాసనసభ సంప్రదాయ దుస్తుల కారణంగా ప్రవేశం నిరాకరించడాన్ని శిక్షార్హం చేసింది. 2019లో సచివాలయ ఉద్యోగులకు ఇచ్చిన ఉత్తర్వులో ప్యాంటు, చొక్కాతోపాటు వేష్టి కూడా చేరింది. జపాన్‌లో వాదం వేరు దారిన నడిచింది. 2005 వేసవిలో అక్కడి పర్యావరణ శాఖ ‘కూల్ బిజ్’ పేరుతో ఆఫీసుల ఏసీలను 28 డిగ్రీల దగ్గర ఉంచి, కోటు, టై వదిలి పనిచేయమని కోరగా, ప్రధానమంత్రి కొయిజుమి స్వయంగా టై లేకుండా కనిపించి ఉద్యోగుల జంకు పోగొట్టాడు. దుస్తుల నియమానికీ విద్యుత్ బిల్లుకూ ఉన్న సంబంధాన్ని ఒక ప్రభుత్వం అంత సూటిగా ఒప్పుకోవడం అరుదు. భారతదేశంలో 2020 జనవరి నుంచి అమ్మే గది ఏసీలు 24 డిగ్రీలతో మొదలయ్యేటట్లు నియమం వచ్చింది గాని, ఆ గదుల్లో కూర్చునేవారి కోటు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇక బట్ట సంగతి. ఈ వాతావరణంలో ఆఫీసు దుస్తుల మంచిచెడ్డలు సగానికి పైగా దీని మీదే ఆధారపడి ఉంటాయి. ఒక దారం మామూలు గాలిలో ఎంత తేమను తనలో నిలుపుకుంటుందో తెలిపే కొలతను వస్త్రశాస్త్రంలో తేమ నిలుపు శాతంగా లెక్కిస్తారు: నూలుకు అది సుమారు 8.5, నారబట్టకు 12, ఉన్నికి 16 కాగా పాలియెస్టర్‌కు 0.4 మాత్రమే. పాలియెస్టర్ చొక్కా ఒంటికి అతుక్కుపోయి, చెమట చుక్కలుగా జారి, సాయంత్రానికి వాసన పట్టడానికి కారణం ఈ అంకెలోనే ఉంది. అదే గుణం వల్ల అది నలగదు, త్వరగా ఆరుతుంది, చవకగా దొరుకుతుంది. అందుకే బట్టల షాపుల్లోని ప్యాంటు బిట్టుల్లో ఎక్కువ భాగం పాలియెస్టర్, విస్కోస్ కలిపినవై ఉంటాయి, ప్యాంటుకు ఆ మిశ్రమం తప్పేమీ కాదు. చొక్కాకు మాత్రం నూరుపాళ్ల నూలు, లేదా నూలు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం, తప్ప మరొకటి ఎంచుకోకపోవడమే మంచిది. నలగదని ప్రచారం పొందే నూలు చొక్కాలకు రసాయనపు పూత ఉంటుంది. ఇస్త్రీ శ్రమ తగ్గుతుంది గాని గాలి ఆడటం కొంత తగ్గుతుంది, ఉతికే కొద్దీ పూత పలచబడుతుంది. నారబట్ట, అంటే లినెన్, చల్లగా ఉంటుంది, ఆఫీసుకు చేరేలోపే నలుగుతుంది; ఆ నలుగుడును హుందాగా మోయగల వయసు, హోదా ఉన్నవారికి అది అందమే, ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రవాడికి కాదు.

ఉన్ని అనగానే చలికాలపు స్వెట్టరు గుర్తుకు రావడం వల్ల తెలుగువారు సూటుకు దాన్ని తలచరు. సన్నని దారంతో సాదా నేతగా నేసిన ట్రాపికల్ ఉన్ని పలచగా ఉండి గాలి ఆడనిస్తుంది, చెమటను పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, రాత్రి తగిలిస్తే ఉదయానికి ముడతలు వాటంతట అవే చాలావరకు పోతాయి. ఏడాదికి నాలుగైదు సార్లయినా సూటు తప్పనివారికి పాలియెస్టర్ సూట్లు రెండు కొనడం కన్నా ఇలాంటిది ఒకటి కుట్టించుకోవడం లాభం. ఉన్ని బట్ట అంచున కనిపించే సూపర్ 100, సూపర్ 120 వంటి అంకెలు దారంలోని పోగు ఎంత సన్ననిదో చెబుతాయి, మన్నికను కాదు. సూపర్ 100 అంటే పోగు వ్యాసం సగటున 18.75 మైక్రాన్లకు మించనిది, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కన్నా తక్కువ. అంకె పెరిగే కొద్దీ బట్ట మృదువవుతుంది, సున్నితమూ అవుతుంది. రోజువారీ వాడకానికి 120 దాటడం డబ్బు పారబోసుకోవడమే. ఇక స్థానిక చేనేతలో మంగళగిరి నూలు గట్టి నేతవల్ల చొక్కా ఆకారాన్ని బాగా నిలుపుకుంటుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి చేతితో వడికే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సన్నదనంలో ఏ మిల్లు బట్టకూ తీసిపోదు. పోచంపల్లి ఇక్కత్ అందమైనదే గాని పెద్ద అచ్చులున్నది బోర్డు సమావేశానికి కాక శుక్రవారానికి సరిపోతుంది. వీడియో సమావేశాలు పెరిగిన ఈ రోజుల్లో మరో సంగతి కూడా చెప్పాలి: దగ్గర దగ్గరగా ఉన్న సన్న గీతలు, చిన్న గళ్లు కెమెరాలో మెలికలు తిరుగుతూ మెరుస్తాయి, సాదా బట్టకు ఆ బాధ లేదు.

కొలత విషయంలో దర్జీ దుకాణం ఇంకా బతికి ఉండటం తెలుగు ఊళ్ల అదృష్టం. నూలు బిట్టును కుట్టించే ముందు ఒకరాత్రి నీళ్లలో నానబెట్టి ఆరవేస్తే తరవాత కుంచించుకుపోయే బెడద ఉండదు. చొక్కాలో అన్నిటికన్నా ముందు చూడవలసింది భుజం కుట్టు. అది భుజం ఎముక చివరన ఆగాలి, చేతి మీదికి జారకూడదు, ఎముక చివరకు చేరకుండా పైనే నిలిచిపోకూడదు. రెడీమేడ్ చొక్కాలో నడుము లూజైతే ఆల్టరేషన్‌తో బిగించవచ్చు, చేతులు పొడుగైతే తగ్గించవచ్చు, భుజం తేడా వస్తే మాత్రం చొక్కా దాదాపు విప్పి మళ్లీ కుట్టినంత పని. పై గుండీ పెట్టినప్పుడు మెడకూ కాలర్‌కూ మధ్య ఒకటి, రెండు వేళ్ల సందు ఉండాలి. కాలర్ లోపల దర్జీలు బక్రం అనే గట్టి బట్ట వేస్తారు. చవక బక్రం నాలుగు ఉతుకులకే బుడగలు తేలుతుంది గనుక కుట్టు కూలీలో మిగిలే చిన్న మొత్తం కోసం అక్కడ బేరమాడటం దండగ. మురికి పట్టేది, అరిగేది కూడా ముందు కాలరే. 1827లో అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో హన్నా మాంటేగ్ అనే గృహిణి భర్త చొక్కాల కాలర్లను కత్తిరించి విడిగా ఉతికి మళ్లీ తగిలించే పద్ధతి కనిపెట్టడం, దాని మీద ఆ ఊరిలో ఒక పరిశ్రమే లేవడం ఆ మురికి బాధ వల్లే. చేతులు మణికట్టు ఎముక దాటి బొటనవేలి మొదలు దగ్గర ఆగాలి. పొట్టిచేతుల చొక్కా ఎండకు సుఖమే, ప్రభుత్వ కార్యాలయాల్లో దానికి పూర్తి అంగీకారమూ ఉంది, టై మాత్రం దాని మీద కట్టకూడదు.

ప్యాంటుకు నడుము కొలత ఒక్కటి చాలదు, సీటు, తొడ, మోకాలు, బాటమ్ కొలతలన్నీ కలిస్తేనే అది కాలి వెంట నిటారుగా దిగుతుంది. బొడ్డు కింద నడుము ఎముకల మీద నిలిచే ప్యాంటు కూర్చున్నప్పుడల్లా చొక్కాను పైకి లాగేస్తుంది. దానికి విరుగుడుగా బెల్టును బిగించేవారే ఎక్కువ, ప్యాంటును ఒక అంగుళం పైన నిలిచేలా కుట్టించుకునేవారు తక్కువ. పొట్ట ఉన్నవారికి ముందు రెండు కుచ్చులున్న ప్యాంటు సుఖం, చూపుకు కూడా మేలు. అడుగు అంచు బూటు మీద ఒక్క చిన్న ముడతతో ఆగాలి. అకార్డియన్ తిత్తిలా చీలమండ దగ్గర మడతలు పడిన ప్యాంటు మిగిలిన దుస్తులన్నిటి పరువూ తీస్తుంది. పది నిమిషాల పని, నామమాత్రపు ఖర్చు అయినా అత్యధికులు నిర్లక్ష్యం చేసేది దీన్నే.

సూటు దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఇళ్లలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చాలామంది పురుషులకు జీవితంలో తొలి సూటు పెళ్లి రిసెప్షన్‌కు కుట్టించినదే, అది విద్యుద్దీపాల కింద ఫొటోల్లో మెరవడం కోసం ఎంచుకున్నది: పట్టులా నిగనిగలాడే బట్ట, మెరిసే కాలర్ రెక్కలు, లోపల అదే మెరుపు వెస్టు. ఆ తరవాత ఇంటర్వ్యూకో విదేశీ ప్రయాణానికో అవసరం వచ్చినప్పుడు బీరువాలోంచి అదే బయటికి వస్తుంది. పెళ్లి సూటు చూపును పట్టి ఉంచడానికి పుట్టింది కాబట్టి ఆఫీసులో అది ఎంత ఖరీదైనదైనా పొసగదు. ఆఫీసుకు ముదురు నీలం గాని బొగ్గు బూడిద గాని, మెరుపు లేని సాదా బట్ట కావాలి. పూర్తి నలుపు కోర్టుకు, సాయంకాలపు విందుకు చెల్లుతుంది. 58 అంగుళాల పన్నా బట్ట సుమారు 3 మీటర్లుంటే మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి కోటు, ప్యాంటు వస్తాయి. రెడీమేడ్ సూటు కొన్నప్పుడు చేతి అంచున కుట్టి ఉండే కంపెనీ చీటీని, కోటు వెనక చీలికను కలుపుతూ అడ్డంగా వేసిన తెల్ల దారపు కుట్లను విప్పేయాలి; చీటీ దుకాణంలో గుర్తుకు, కుట్లు బట్ట రవాణాలో చెదరకుండా వేసినవే తప్ప అలంకారాలు కావు, అయినా ఆ చీటీని గౌరవ చిహ్నంగా నిలుపుకున్నవారు ప్రతి సభలోనూ కనిపిస్తారు. రెండు గుండీల కోటులో పై గుండీ మాత్రమే పెట్టి, కూర్చునేటప్పుడు దాన్ని కూడా విప్పాలి. కోటు చేతికింద చొక్కా కఫ్ ఒక సెంటీమీటరు కనిపించాలి. టై కొస బెల్టు బకిల్ దగ్గర ఆగితే చాలు, దాని గురించి అంతకు మించి బెంగ అనవసరం.

సూటుకు ప్రత్యామ్నాయంగా మెడదాకా మూసి ఉండే బంద్‌గళా కోటు ప్రభుత్వ వేడుకల్లో పూర్తి లాంఛనంగా చెల్లుతుంది, టై అక్కరలేదు. పంచె విషయంలో కట్టును బట్టి తేడా ఉంది: గోచీ పోసి, కుచ్చిళ్లు సర్ది కట్టిన పంచె సభా మర్యాదకు నిలుస్తుంది, చుట్టూ తిప్పి కట్టిన లుంగీ ఇంటి బట్టగానే మిగిలిపోయింది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెలుగు కార్యాలయాల్లో అయ్యప్ప మాల వేసుకున్న ఉద్యోగులు 41 రోజులపాటు నల్ల దుస్తుల్లో, గడ్డంతో, చెప్పులు లేకుండా పనిచేస్తుంటే ఎవరూ ప్రశ్నించకపోవడం గమనించదగినది. నియమ పుస్తకంలో ఒక్క అక్షరం మారకుండానే ఆఫీసు తన మర్యాదను ఆ మేరకు సర్దుకుంది.

పాదరక్షల్లో లేసు రంధ్రాల పట్టీలు బూటు పైతోలు కిందికి కుట్టి ఉండే ఆక్స్‌ఫర్డ్ రకం అత్యంత లాంఛనమైనది, పట్టీలు పైకి తెరుచుకునే డెర్బీ రకం దానికి ఒక మెట్టు కింద. మన పాదాలు వెడల్పు ఎక్కువ, ఎండకు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి రోజువారీ నడకకు డెర్బీయే సుఖం. బెల్టు రంగు బూటు రంగుతో కలవాలి. తోలు చెమట పీలుస్తుంది, ఒక రోజు వేసుకున్న బూటుకు మరుసటి రోజు విశ్రాంతి ఇవ్వకపోతే లోపల కుళ్లుతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. అందుకే ఖరీదైన జత ఒకటి కన్నా మధ్యరకం జతలు రెండు ఎక్కువ కాలం వస్తాయి. సాక్సు ప్యాంటు రంగును అనుసరించాలి, కూర్చున్నప్పుడు కాలి చర్మం కనిపించనంత పొడుగుండాలి. చెప్పులు గుమ్మం బయట విడిచే అలవాటున్న దేశంలో, పూజ జరిగే ఆఫీసులోనో ఖాతాదారుడి ఇంట్లోనో బూట్లు విప్పవలసి వచ్చినప్పుడు అందరి ముందూ మిగిలేది సాక్సే గనుక, బొటనవేలి దగ్గర చిల్లును బూటు దాచేస్తుందన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

కొత్తగా ఉద్యోగంలో చేరే యువకుడికి తెలుపు, లేత నీలం రంగుల చొక్కాలు ఐదు, ముదురు నీలం, బూడిద రంగు ప్యాంట్లు మూడు, పైన చెప్పిన రెండు జతల బూట్లు ఉంటే తొలి ఏడాదంతా గడిచిపోతుంది. సూటు అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు. చొక్కాలను కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే నీటి చల్లుడు అక్కరలేకుండా ముడతలు పోతాయి. వీధి చివరి ఇస్త్రీ బండికి ఇచ్చేవారు ప్యాంటు విషయంలో ఒక్క మాట ముందే చెప్పాలి: బొగ్గుల పెట్టె వేడికి పాలియెస్టర్ మిశ్రమాలు మెరుపు పడతాయి కాబట్టి పైన పలచని నూలు గుడ్డ పరిచి రుద్దమనీ, పాత గీత మీదే కొత్త గీత పడనప్పుడు కాలి ముందు రెండు గీతలు కనిపిస్తాయి గనుక ముందు తడిగుడ్డతో పాత గీతను చెరిపి, ఆ తరవాతే మడత వేయమనీ.